ఒపేరా మేడ కింద ఇరవయ్యొక్క కుండలు

పోయిన శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి, జిద్దాలో బలద్ పాతబజారులో, పగడపు రాళ్ళతో కట్టిన ఒక పాత మేడలోకి నేను చూసుకునే పెద్దామె చక్రాల కుర్చీని తోశానో లేదో, పాత టేకు వాసనా, కొత్తగా కొట్టిన సున్నం వాసనా, చింతపండు వాసనా కలిసి ముక్కుకి తగిలాయి. ఆ రోజు అక్కడ ఊద్ అనే అరబ్బు తీగల వాద్యం కచేరీ. వచ్చినవాళ్ళకి చల్లటి చింతపండు షర్బత్తు ఇస్తున్నారు. నేను గ్లాసు పుచ్చుకోవడం మాని వేదిక కిందికి వంగి చూశాను. "ఎష్ ఫీ, రత్నా?" ఏముందక్కడ అని పెద్దామె అడిగింది. కుండలున్నాయేమోనని చెప్పేంత అరబ్బీ నాకు లేదు. యాభై దాటాక నేర్చిన తెలుగు అక్షరాలున్నాయి, వాటితో చెబుతాను.

గోదావరి కాలవ పక్కన మా ఊళ్ళో ఒపేరా మేడ ఉండేది. వెనకటి జమీందారొకాయన దొరల దేశం వెళ్ళి, అక్కడి పాటల నాటకశాల చూసి మతిపోయి, వచ్చి అలాంటిదే కట్టించాడట. గుర్రపునాడాలా వంగిన పై వసారా, పోత ఇనప స్తంభాలు, కరక్కాయా బెల్లం కలిపి నూరిన సున్నంతో పసిపిల్ల చెంపలా నున్నగా తేలిన గోడలు, ఆడవాళ్ళ వైపు బలద్ ఇళ్ళ కిటికీలకున్నటువంటి టేకు జాలీ. ఇవన్నీ దొరల్ని చూసి పెట్టినవో కాదో నాకు తెలీదు గానీ, అసలైన పని మాత్రం మన మేస్త్రీదే. వేదిక చెక్కల కింద మూతులు పైకుండేలా ఇరవయ్యొక్క ఖాళీ కుండలు పాతాడు. పైన పద్యం ఎత్తుకుంటే కుండలు అందుకుని పంపేవి, మైకు లేకుండానే చివరి బల్ల మీది ముసలాళ్ళకీ చేరేది. శ్రీరామనవమికి మేడ తలుపులు ఊరందరికీ తీసేవారు. జమీందారు మనవడూ, చెప్పులు కుట్టే వీరన్నా ఒకే పద్యానికి ఒకేసారి "వన్స్‌మోర్" అని అరిచింది నేను నా చెవులతో విన్నాను.

మా నాన్న అక్కడ తెర లాగేవాడు, కాపలా కాసేవాడు. వేదిక వెనక గదే మా ఇల్లు. అట్ట కిరీటాలు పెట్టుకుని ఆడుకోవడం, వేసవిలో చల్లగా ఉంటుందని వేదిక కిందికి దూరి ముంజలు తినడం, ముఖాలకి రాసే అర్దళం వాసనతోనే అన్నం తినడం, అదీ నా చిన్నతనం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు చింత విరగకాసింది. అమ్మ పిక్క తీసి, ఉప్పేసి, ముద్దలు చేసింది గానీ పెట్టడానికి ఇంట్లో కుండల్లేవు. "అయ్యేమో నోళ్ళు తెరుసుకుని ఉత్తినే కూకున్నాయి. దూరవే," అంది వేదిక కిందికి చూపిస్తూ. దూరి, అన్నిటినీ మెడదాకా కూరి, గుడ్డలు కట్టి వచ్చాను.

నవమి ముందురోజు మధ్యాహ్నం రాముడి వేషం పాపన్న పద్యం సరిచూసుకుంటుంటే రాగం వాడి కాళ్ళ దగ్గరే పడిపోయింది. మిరియాల కషాయం తాగి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అంతే. మేనేజరు రామ్మూర్తిగారు నాన్న వైపు తిరిగారు.

"సూరయ్యా, పోయిన వారం వేదిక సెక్కలు మార్చింది నువ్వే గదా. మేడ గొంతు నొక్కేశావు. నవమి కాగానే గది ఖాళీ చెయ్యి."

నాన్న తాను కొట్టిన మేకుల వంకే చూస్తున్నాడు. మాకు ఆ గది తప్ప తలదాచుకునే చోటు లేదు. అమ్మ తెర పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"నాన్న తప్పేం లేదండి," అన్నాను. "కుండల్నిండా మా సింతపండుందండి."

అమ్మ గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తే. ముందు నవ్వింది హార్మోనియం గవర్రాజు.

"అదేరా పాపన్నా, నీ రాగం పులిసిపోయింది."

"నీ పెట్టేమన్నా పాకంలో ఊరిందేంటి?" అన్నాడు పాపన్న.

రామ్మూర్తిగారు నవ్వు మింగి, "ముందు తియ్యండి. ఒక్క ముద్ద మిగిలినా గది ఖాళీయే," అన్నారు.

నేను కిందికి దూరి ముద్దలందిస్తుంటే, కిరీటంతోనే పాపన్న, ఆ వెనక గవర్రాజు, నాన్న, అమ్మ వరసగా అందుకున్నారు. రామ్మూర్తిగారు పై వసారా ఎక్కి చివరి బల్ల మీద కూర్చున్నారు. పాపన్న ఎత్తుకున్నాడు. పైకప్పులో పావురాలు లేచిపోయాయి. పై నుంచి కండువా ఊపుతూ, "ఉండవయ్యా సూరయ్యా, ఉండు," అన్నారాయన. మర్నాడు ఊరంతా తిన్న పులిహోర మా చింతపండుదే.

ఆ మేడ ఇప్పుడు లేదు. సెల్‌ఫోన్ల కొట్లున్నాయి. జమీందారు పేరున్న రాతిపలకని జాగ్రత్తగా తీసి దాచారట, కుండల్ని పగలగొట్టి నేల చదును చేశారట. బలద్ మేడలో వేదిక కింద కుండల్లేవు, గట్టి రాయే. అయినా ఊద్ బాగానే వినిపించింది. పెద్దామె "ఇజ్లిసీ" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన షర్బత్తులో సగం నాకిచ్చింది. మా అమ్మ చింతపండంత పులుపు లేదు.

రాతి మీద లేని పేర్లు నేను రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం ఒపేరా మేడలో ఉన్నవాళ్ళం: పద్యం పాడిన పాపన్న, హార్మోనియం గవర్రాజు, ఉండమన్న రామ్మూర్తిగారు, తెర లాగే మా నాన్న సూరయ్య, కుండలు ఖాళీగా ఉంటే ఓర్వలేని మా అమ్మ మంగమ్మ, వేదిక కింద నేను, నూకరత్నం.