అవ్వ పెట్టిన వంటావార్పు

మహబూబాబాద్‌లో మా గల్లీ చివరింటి అవ్వ ఎంత నవ్వొచ్చే మాటన్నా, తను మాత్రం నవ్వేది కాదు. పంచాయితీలో తీర్పు చెబుతున్నట్టు మొహం పెట్టేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి, వంటావార్పు చేసి, అక్కడే కూర్చుని తినేవాళ్లం. ఆ వానాకాలం మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. మా మోరి పొంగి మురికినీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఎన్నిసార్లు చెప్పినా మోరీలు చూసే సారు మాత్రం రాలేదు.

"ఈసారి వంటావార్పు మన గల్లీల్నే పెడదాం. సారును బువ్వకు పిలువుండ్రి," అంది అవ్వ.

ఉద్యమం పేరు చెప్పేసరికి ఆయన కాదనలేక వచ్చాడు. అవ్వ తన అరుగు మీద వండి, ఆయనకు మాత్రం మోరి పక్కన కుర్చీ వేసింది. విస్తరి చేతికి అందేలోపు నీళ్లు ఆయన బూట్లలోకి చేరాయి. కాళ్లు పైకెత్తుకున్నాడు.

"ఏందవ్వా గిది?"

"మోరి నీళ్లు బిడ్డా. మేం మూడు దినాలసంది గిట్లనే తింటున్నం. కాళ్లు దించి తిను, అలవాటైతది."

సాయంత్రానికల్లా సారే మనుషులను వెంటబెట్టుకొచ్చి మోరి మీది బండలు లేపించాడు. లోపల అడ్డం పడ్డదాన్ని గుంజితే పెద్ద బొంత బయటికొచ్చింది. గోడ మీద ఆరేస్తే గాలికి ఎటో పోయిందని అవ్వ నెల రోజులుగా వెతుకుతున్న బొంత. గల్లీ అంతా ఆమె వైపు తిరిగింది.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది సుత ఆంధ్ర పాలకుల కుట్రనే, బిడ్డా," అంది సారుతో.