సిమెంటు పెట్టిన దవడపన్ను

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు కుప్పం నుంచి మదనపల్లెకు బదిలీ అయ్యాను. ప్రభుత్వ దంత వైద్యుడిగా అదే నా చివరి పోస్టింగు. చేరిన కొత్తలోనే పుంగనూరు దగ్గరి పల్లె నుంచి గంగులమ్మ అనే పెద్దావిడ ఎనిమిదేళ్ల మనవరాలు లావణ్యను తీసుకొచ్చింది. పిల్లకు కింది దవడపన్ను సగం విరిగి ఉంది. చల్లటి నీళ్లు తగిలినా ఓర్చుకోలేకపోతోంది.

"పాలపన్నే కదప్పా, పీకేయండి. ఇంగోటి వస్తాది," అంది గంగులమ్మ.

చాలామంది పొరబడేది ఇక్కడే. పాలపళ్లేవీ ఊడకుండానే వాటి వెనక ఆరో ఏట వచ్చే ఈ దవడపన్ను శాశ్వతమైనది. పోతే మళ్లీ రాదు. లావణ్య పంటి మీది పింగాణీ పొర మొదటినుంచీ సుద్దలా మెత్తగా ఏర్పడింది, నమిలేకొద్దీ పెచ్చులూడింది. అలాంటి పంటికి స్టీలు తొడుగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పంటిరంగు ఫిల్లింగు, అంటే జనం సిమెంటు అనేది, జిగురుతో పంటికి అతుక్కోవాలి. సుద్ద పొర ఆ జిగురును సరిగా పట్టదు. ఈ సంగతంతా చెప్పాను.

"ఇనప పన్నా? బళ్లో ఎగతాళి చేస్తారు సార్. తెల్లదే పెట్టండి. ఎన్నాళ్లుంటాది?"

చుట్టూ గట్టి గోడ మిగిలిన పంట్లో అయితే ఏళ్ల తరబడి ఉంటుందనీ, ఈ పంట్లో హామీ ఇవ్వలేననీ అన్నాను. మెత్తబడిన భాగం తీసి, ఉమ్మి తగలకుండా రబ్బరు షీటు బిగించి, పొరలు పొరలుగా నింపి, నీలి లైటుతో గట్టిపరిచాను. ఆరు నెలలకోసారి చూపించమన్నాను.

ఏడాది దాటాక వచ్చారు. సిమెంటు చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న పన్నే విరిగింది. అంచు పొడవునా పాచి మందంగా పట్టి, కింద పుచ్చు మొదలైంది.

"బ్రష్షు ఆ పక్కకే పోనీలేదు సార్, యాడ సిమెంటు అరిగిపోతాదో అని," అంది గంగులమ్మ, కాస్త గర్వంగానే.

పుచ్చు నరం దాకా పోయి ఉంటే పన్ను దక్కడం కష్టం. మత్తిచ్చి నెమ్మదిగా తొలిచాను. నరానికి పైన గట్టి పొర తగిలింది, పుచ్చు నరం దాకా పోలేదు. తొడుగు మాట మళ్లీ ఎత్తితే గంగులమ్మ నసిగింది. తేల్చింది లావణ్యే.

"ఇనపదే ఏయండి సార్. ఎనకాల ఉండేది ఎవురు సూస్తారు? అవ్వకు ముందర పళ్లే ల్యావు. ఎవురన్నా ఎగతాళి చేస్తాండారా?"

"నోరు తెరవమనింది ఇందుకా సార్?" అంది గంగులమ్మ, నవ్వు ఆపుకోలేక.

ఆ రోజు వేసిన తొడుగు నేను రిటైరయ్యే నాటికి గట్టిగానే ఉంది.

ఫిల్లింగు ఎన్నాళ్లుంటుందని అడిగినవాళ్లకు, లావణ్య పన్ను చూసినప్పటి నుంచి నేను సిమెంటు సంగతి కాక, పంటి గోడ ఎంత మిగిలిందో అద్దంలో చూపించి చెప్పేవాణ్ని. పిల్లను కుర్చీలోంచి దించకముందే తోడొచ్చిన మనిషి చేతికి బ్రష్షిచ్చి, కొత్తగా నింపిన పంటిని నా ఎదుటే తోమించేవాణ్ని. సిమెంటు అరగదని నోటితో చెబితే తలూపుతారు. తమ చేత్తో తోమి చూసినవాళ్లే ఇంటికెళ్లి తోముతారు.