మిరపకాయల తాడు దాటిన మావయ్య

మా దైవాధీనం మావయ్య కొరియా వెళ్లి వచ్చాడంటే బందరులో సగంమంది నమ్మరు. నమ్మనివాళ్లని ఒప్పించే ఓపిక ఆయనకీ లేదు, నాకూ లేదు. అక్కడి యుద్ధం గురించి అడిగితే "చెవులు మూసుకుని పని చేసుకున్నానమ్మా" అని తేల్చేస్తాడు. అదే అక్కడ చూసిన ఒక ఇంటి గురించి అడిగితే, ఇక కాఫీ చల్లారిపోవలసిందే. చెప్పిన ప్రతిసారీ కొంత కోస్తాడు. ఆ కోతలు తీసేసి మిగిలింది రాస్తున్నాను.

మావయ్యది కోడూరు దగ్గర ఒక పల్లె. అంటరానివాళ్లని మమ్మల్ని కాలువ అవతల ఎడంగా ఉంచిన పేటలో పుట్టాడు. పన్నెండేళ్లప్పుడు కరణంగారింటికి ఏదో కబురు చెప్పడానికి వెళ్లి, తలుపు బార్లా తీసి ఉంటే ఒక్క అడుగు లోపల వేశాడట. మండువా ఇల్లు అది. చుట్టూ వసారాలు, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ. లోపల వాన పడుతుందని విన్నాడు, ఎలా పడుతుందో చూద్దామనుకున్నాడు పాపం. కరణంగారి తల్లి కేకలు వేసి తరిమేసి, వాడు అడుగుపెట్టిన చోట పసుపునీళ్లు చల్లింది. దెబ్బ వేసి ఉంటే మరిచిపోయేవాణ్ణి అంటాడు మావయ్య. ఆ నీళ్లు మాత్రం మరిచిపోలేకపోయాడు.

తర్వాత మిషను బడిలో చదువుకున్నాడు, ఆసుపత్రిలో కట్లు కట్టడం నేర్చుకున్నాడు, మిలిటరీలో చేరాడు. మన దేశం నుంచి కొరియాకి వైద్యదళం వెళ్తే అందులో నర్సింగ్ ఆర్డర్లీగా ఈయన కూడా వెళ్లాడు. వెళ్లిన రెండేళ్లకి, యాభై మూడో సంవత్సరం ఫిబ్రవరి నాటి సంగతి ఇది. వారానికోసారి మందులు తేవడానికి లారీలో సియోల్ వెళ్లేవాడు. అక్కడి మందుల గోదాములో చోయ్ అనే పెద్దాయన గుమాస్తా. కాస్త ఇంగ్లీషు వచ్చినవాడు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి బాగా స్నేహం కుదిరింది.

ఒక రోజు లారీకి ఇంకా మూడు గంటల వ్యవధి ఉంటే చోయ్ గారు, "మా పేట చూద్దువుగాని రా, బాంబులు పడని పాత ఇళ్లు ఉన్నాయి" అన్నాడు. రెండేళ్లుగా మొండిగోడలు తప్ప ఏమీ చూడని మావయ్య ఎగిరి గంతేశాడు.

ఎత్తు మీదికి ఎక్కే సన్నని సందులు. రెండువైపులా నల్లటి పెంకుల కప్పులు, వాటి చూరు కొసలు కాస్త పైకి లేచి ఉన్నాయట. చెక్క వాకిళ్లు, కిటికీలకి అద్దాలకి బదులు తెల్లటి కాగితం. ఒక వాకిట్లోంచి తొంగి చూసి మావయ్య నిలబడిపోయాడు. నాలుగువైపులా గదులు, నడుమ ఆకాశం కింద ముంగిలి. అచ్చం మండువా!

"అదేం పిచ్చోనమ్మా, ఇది నా దేశం కాదు, నన్నెవరు ఆపుతారు అనుకున్నాను" అంటాడు.

ఆ వాకిలికి అడ్డంగా గడ్డితాడు కట్టి ఉంది. దానికి ఎండుమిరపకాయలు, బొగ్గుముక్కలు గుచ్చి ఉన్నాయి. బందరు కొట్ల ముందు దిష్టికి కట్టేవి అవేగా! ఆహా, ఇక్కడా దిష్టి ఉందన్నమాట అని నవ్వుకున్నాడు. చోయ్ గారు పది అడుగుల వెనక ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఈయన నడుం వంచి, తాడు కింద నుంచి దూరి, ముంగిట్లో నిలబడి తలెత్తి ఆకాశం చూశాడు.

అంతే. గదిలోంచి ఒక ముసలావిడ బయటికి వచ్చింది. ఈయన్ని చూడగానే కెవ్వున అరిచింది. రెండు చేతులూ ఊపుతూ పో పొమ్మని వాకిలి దాకా తరిమింది. తాడు అవతలికి వచ్చి వెనక్కి చూస్తే, తాను నిలబడిన చోట ఆవిడ గుప్పెడు ఉప్పు చల్లుతోంది.

మావయ్యకి సముద్రాలు దాటి వచ్చినా ఇదేనా అనిపించిందట. ఒంటి మీద యూనిఫారం ఉంది, చేతిలో ఇంత విద్య ఉంది, భాష కూడా తెలియని ముసలిదానికి తానెవరో ముఖం చూడగానే ఎలా తెలిసిపోయింది? చోయ్ గారు పరుగున వచ్చి ఏదో చెప్పబోతే చెయ్యి విదిలించుకుని దిగి వెళ్లిపోయాడు. ఈ విషయంలో మా మావయ్యని సమర్థించను. అడిగి ఉంటే అరనిమిషంలో తేలిపోయేది. అయితే అడగడానికి ఆయనకి భయం. అవును అని వినవలసి వస్తుందేమోనని భయం.

తర్వాతి వారం మందులకి వేరేవాణ్ణి పంపాడు. ఆ పై వారం కూడా పంపాడు. అన్నం సయించలేదు, నిద్ర సరిగా పట్టలేదు. రెండోసారి లారీ తిరిగి వచ్చినప్పుడు డ్రైవరు ఒక చీటీ తెచ్చి ఇచ్చాడు. చోయ్ గారు తన ఇంగ్లీషులో కూడబలుక్కుని రాశాడు. ఆ ఇంట్లో మగపిల్లవాడు పుట్టాడు. బిడ్డ పుట్టిన ఇంటికి ఇరవై ఒక్క రోజులు తాడు కడతాం. బయటివాళ్లు ఎవరూ దాటకూడదు. దాటితే బిడ్డకి కీడు అని ఉప్పు చల్లుతారు. బాలింత కన్నతండ్రే వచ్చి తాడు బయట నిలబడి మాట్లాడి వెళ్లాడు. ఊరికి దొర అయినా అంతే. దూరం నుంచి వచ్చిన మనిషిని తెలియక తరిమానని పెద్దావిడ బాధపడుతోంది. తాడు విప్పాక వచ్చే బుధవారం నిన్ను తీసుకురమ్మంది.

మావయ్య ఆ చీటీ మూడుసార్లు చదివాడు. నా పుట్టుక చూసి కాదు, నా పుట్టుక చూసి కాదు అని పైకే అనేసి లారీ మెట్టు మీద కూలబడి నవ్వాడు. పన్నెండేళ్ల వయసు నుంచి గుండెలో ఉన్న బరువు అప్పుడు దిగిందంటాడు. నవ్వు సగంలో ఉండగానే ఇంకో సంగతి తట్టింది. ఆ రోజు తాను వెళ్లింది జ్వరాల వార్డులో తిరిగిన బూట్లతో! ఆ తాడు ఎందుకో వైద్యం తెలిసిన తనకే మొదట తెలియాలి కదా. బుధవారం దాకా ఆ పిల్లవాడి కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నాడు.

బుధవారం వెళ్లేసరికి వాకిలికి తాడు లేదు. ముసలావిడ ఎదురువచ్చింది. మావయ్య బూట్లు విప్పి, చేతులు సబ్బుతో కడుక్కుంటానని సైగ చేసి, కడుక్కుని, అలవాటు చొప్పున ముంగిట్లోనే ఒక పక్కగా నిలబడ్డాడు. ఆవిడ ఊరుకోలేదు. మణికట్టు పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది. ఆ ఇళ్లల్లో పొయ్యి వేడి నేల కింద నుంచి పోతుంది. పొయ్యికి దగ్గరగా ఉన్న చోటు అన్నిటికన్నా వెచ్చన. ఇంటి పెద్ద కూర్చునే చోటు అది. అక్కడ కూర్చోబెట్టి, ఒళ్లో బిడ్డని పెట్టింది. బొద్దుగా, ఎర్రగా, తుమ్మైనా లేకుండా నిద్రపోతున్నాడు.

మావయ్యకి కళ్లనీళ్లు ఆగలేదు. ముసలావిడ కంగారుపడి చోయ్ గారితో ఏదో అంది.

"నేల మరీ కాలుతోందా అని అడుగుతోంది" అన్నాడాయన.

"లేదండీ, సరిగ్గా ఉందని చెప్పండి" అన్నాడు మావయ్య.

మిలిటరీ వదిలాక బందరులో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా కుదిరాడు. యాభై ఎనిమిదిలో అనుకుంటాను, మా రాజకుమారి అత్తయ్యతో కలిసి పామర్రు పక్క ఊరికి చుట్టాలింటికి వెళ్తే, ఆ ఊరి మోతుబరి బసవయ్యగారి తండ్రికి ఆయాసం ఎక్కువైందని మనిషి వచ్చాడు. ఇద్దరూ వెళ్లారు. పెద్ద మండువా ఇల్లు. బసవయ్యగారు వీధి అరుగు మీదే ఎదురై, "కాస్త దొడ్డిదారిన రావయ్యా" అన్నారు.

మావయ్యకి కోపం రాలేదట. అదే ఆశ్చర్యం అంటుంది అత్తయ్య. సంచీ చంక మార్చుకుని మర్యాదగా అడిగాడు.

"ఇంట్లో బాలింత ఎవరైనా ఉన్నారాండీ?"

"బాలింతా? లేదే. ఏం?"

"ఉంటే పురిటి రోజులు వెళ్లేదాకా బయటే ఉండేవాణ్ణండీ. లేదంటున్నారు కాబట్టి ఇటే వస్తాను."

లోపలినుంచి ముసలాయన దగ్గు వినిపిస్తోంది. అత్తయ్య కొంగు పట్టుకుని నిలబడింది. బసవయ్యగారు లేచి గుమ్మానికి ఒక పక్కకి జరిగారు. హమ్మయ్య అనుకుంది అత్తయ్య. మావయ్య చెప్పులు విడిచి, గడప దాటి, నడిచి వెళ్లి ముసలాయన చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.