నిద్రలో చూసిన అరకు

నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి విన్నది మర్చిపోను. మావాళ్లలో ఎక్కడ పెళ్లయినా చావయినా, నేను తిరిగొచ్చి చెప్పేదాకా వెళ్లినవాళ్లకి కూడా వెళ్లినట్టుండదు. ఆ పేరే నన్ను చెడగొట్టింది.

క్రిస్మస్ ముందు మా చర్చి ఆడవాళ్లం కొందరం రైల్లో అరకు వెళ్లాం. నేను కూర్చున్న కిటికీ సీటు నిజానికి మా తోటికోడలిది. నాకన్నా పెద్దది, అక్కా అంటాను. కంచరపాలెంలో మావి పక్కపక్క వాటాలే. ప్రయాణానికి ముందు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సీటు నాకిచ్చి ఒక్కటే అడిగింది.

వాళ్ల నాన్న ఆ లైన్లో పట్టాలు చూసే గ్యాంగులో పనిచేశాడు. ఘాట్లో ఒక చిన్న స్టేషన్ పక్కన రైల్వే క్వార్టర్లో ఉండేవారు. అక్కకి ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ ఆ ఇంట్లోనే పోయింది. ఆ క్వార్టర్ ఖాళీ చేసి వచ్చేశాక మళ్లీ వాళ్లెవరూ అటు వెళ్లలేదు.

"బండి అక్కడ రెండు నిమిసాలు ఆగుద్ది. ఎడం పక్క సూడు. మా ఇల్లుందో పడిపోయిందో, గుమ్మం ముందు మాయమ్మ ఏసిన పనసచెట్టు ఉందో లేదో సూసొచ్చి సెప్పు. నువ్వు సెప్తే నాను సూసినట్టే," అంది.

నాకు ప్రయాణం పడదు. బండెక్కగానే వాంతుల మాత్ర వేసుకున్నాను. ఒకటి చాలదేమోనని ఇంకొకటి. శృంగవరపుకోట దాటడం గుర్తుంది. తర్వాత ఎవరో భుజం తట్టి "దిగండి, అరకొచ్చింది" అన్నారు. తోడొచ్చినవాళ్లని అడిగి చూశాను. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టడంలోనే ఉన్నారు, ఏ స్టేషనూ చూసినవాళ్లు లేరు. తిరుగు ప్రయాణం బస్సులో, వేరే దారి.

ఇంటికొచ్చేసరికి అక్క తల దువ్వించుకుని, దిండుకి జారబడి ఎదురుచూస్తోంది. నిద్రపోయానని చెప్పేస్తే అయిపోయేది. నోరు రాలేదు. కిందటి ఆదివారమే పేపర్లో అరకు గురించి వచ్చిన వ్యాసం నా మనవరాలు పైకి చదివింది. అది పొల్లుపోకుండా నా తలలో ఉంది. అదే అందుకున్నాను.

"ఓలక్కా, ప్రకృతి సోయగాలంటే అయ్యే! పచ్చని తివాచీ పరిసినట్టు లోయలు, కొండల్ని ముద్దాడే మబ్బులు, పాలనురుగులాంటి జలపాతాలు. కనువిందు అనుకో. భూతల స్వర్గమే!"

ఆ మాటలు ఎంత సుళువుగా వచ్చాయో! ఏ కొండకైనా సరిపోతాయవి, ఏ కొండనీ చూడక్కర్లేదు.

"మబ్బుల సంగతి అలాగుంచు. మా ఇల్లుందేటి?" అంది అక్క.

"మాటల్లో సెప్పలేనక్కా," అన్నాను. పేపర్లో చివరి ముక్క అది.

అక్క నవ్వింది. "నువ్వా? ఈది కుళాయి కాడ కొట్లాట గంటసేపు సెప్తావు, ఎవులు ఎవుల జుట్టు ఏ సేత్తో పట్టుకున్నారో కూడాను. నీకు మాటలు కరువొచ్చాయేటే?"

అప్పుడైనా ఒప్పుకోవలసింది. "ఉందక్కా. సున్నమేసి బాగుంది," అనేశాను.

అక్క ముఖం వెలిగింది. "పనసచెట్టో?"

"లేకేటి! కాయలు గుత్తులు గుత్తులుగా ఏలాడతన్నాయి."

"క్రిస్మస్ నెల్లో పనసకాయలేటే?" అంది. కాసేపు నా ముఖంలోకి చూసింది. "తొంగున్నావు కదూ."

తలూపాను. రెండు మాత్రల సంగతి, మనవరాలు చదివిన పేపరు సంగతి చెప్పాను.

"అదే ముందు సెప్తే ఇద్దరం నవ్వుకుందుం. సచ్చిపోయిన మాయమ్మ గుమ్మానికి అబద్దం సున్నమేసేవేటే?" అని కళ్లు మూసుకుంది. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి దిగాయి. తుడవడానికి నా చెయ్యి లేవలేదు.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. కూర గిన్నెలు రెండిళ్ల మధ్యా తిరుగుతూనే ఉన్నాయి. కానీ నేనెక్కడికెళ్లొచ్చినా ఏటి సూసావని అడగదు. మొన్న నేనే అన్నాను, మాత్రలు వేసుకోకుండా, కక్కుకుంటూ అయినా సరే, మళ్లీ వెళ్లి చూసొస్తానని.

"వద్దులేవే," అంది, కోపం లేకుండానే. "నువ్వొచ్చి సెప్తావు. అందులో ఏది నువ్వు సూసిందో, ఏది నీ మనవరాలు సదివిందో నాకెలా తెలుస్తాది?"