వాల్వు మీద పిండి ముద్ద

పెరట్లో జీపు ఎందుకు కదలదని అడిగావు కదా, రాసుకో. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

మీ తాత రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బతుకంతా ఆకురాయితో ఇనుము అరగదీసిన చెయ్యి. రిటైరయ్యాక ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో క్వార్టరు ఖాళీ చేసి ఈ ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో రేకుల షెడ్డు వేసి ఆ పాత జీపు పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ ఒలికేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఆయనా ఒలకనట్టే తాగేవారు.

అప్పుడే ఆ ఇంజను విప్పారు. ఇప్పటి ఇంజన్లకి వాల్వులు సిలిండరు నెత్తిన ఉంటాయి. దీనికి పక్కన ఉంటాయి. గాలి పక్క నుంచి పైకి లేచి, మలుపు తిరిగి, సిలిండర్లోకి దిగాలి.

"ఓవర్‌బ్రిడ్జి మెట్ల మలుపులో జనం ఇరుక్కున్నట్టు గాలి అక్కడ ఇరుక్కుంటాదే," అనేవారు మీ తాత.

ఆ దారి వెడల్పు చెయ్యాలి, అంచులు నున్నగా అరగదియ్యాలి. అది అయ్యాక ఇంజను మూతని అడుగున కాస్త చెక్కించి కిందికి దించాలి. అప్పుడు బలం వస్తుందట. మరీ దించితే మాత్రం వాల్వు లేచినప్పుడల్లా మూతకి కొట్టుకుంటుంది.

నిమ్‌పురా రైల్వే షెడ్డులో పనిచేసే ఒకాయన, మీ తాత దగ్గర పని నేర్చుకున్న మనిషే, ఒకరోజు వచ్చి చూసి నవ్వాడు.

"ఏటి గురూగారూ, పూరీ గేట్ దాకా తోసుకెల్తారా, నడుపుకెల్తారా?"

"నడుపుతాను. నువ్వు ఎనక సీట్లో కూకో. మీ ఆవిడ్ని కూడా తే, బరువు సరిపోతాది."

"సెయ్యి సూసుకోండి. వణుకుతున్నాది."

మీ తాత నవ్వు ఆపేశారు. "అయితే ఇనుకో. ఈ ఇంజను ఆడితే నా సెయ్యి బాగున్నట్టు. ఆడకపోతే నా ఆకురాళ్ళ పెట్టి నువ్వు అట్టుకుపో."

నాలుగు నెలలు అరగదీశారు, వణికే చేతిని ఎడమ చేత్తో పట్టుకుని. గాలి దారిలో నన్నూ వేలు పెట్టి చూడమనేవారు.

"గాజునాగ ఉన్నాదా?"

"ఉన్నాది." నాకేం తెలుసు!

వాల్వుకీ మూతకీ మధ్య ఎంత సందు ఉందో చూడటానికి ఆయనకో పద్ధతి ఉంది. బియ్యప్పిండిలో వేడినీళ్ళు, నూనె చుక్క వేసి నేను ముద్ద చేసి ఇచ్చేదాన్ని. దాన్ని వేళ్ళతో నలిపి వాల్వు మీద పెట్టి, మూత బిగించి, ఇంజను చేత్తో ఒక చుట్టు తిప్పేవారు. మూత తీస్తే ముద్ద అణిగి ఉండేది. బ్లేడుతో కోసి మందం కొలిస్తే అదే సందు. బియ్యప్పిండి అణిగింది అణిగినట్టే ఉంటుంది.

ఆఖరి కొలత రోజు డబ్బాలో బియ్యప్పిండి లేదు. రొట్టెలకి గోధుమపిండి కలిపి ఉంది.

"ఏటే, ముద్దేదీ?"

"తెస్తన్నానండి."

అందులోంచే గిల్లి ఇచ్చాను. చెప్పలేదు. పిండి పిండే కదా అనుకున్నాను.

గోధుమపిండి నొక్కితే అణుగుతుంది, వదిలితే మళ్ళీ పొంగుతుంది. సందు ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. ఇంకా చోటుందనుకుని ఆయన మూత మరికాస్త చెక్కించారు.

మూత బిగించి చేత్తో తిప్పినప్పుడు వాల్వు తగల్లేదు. స్టార్టు చేశారు. ఎంత బాగా ఆడిందో! ఆయన నా వైపు చూసి తలూపారు కూడా. తర్వాత ఆక్సిలరేటరు నొక్కారు. వేడెక్కి వేగం పెరిగేసరికి లోపల సుత్తితో కొట్టినట్టు మూడు దెబ్బలు. ఆగిపోయింది. విప్పితే వాల్వు విరిగి ఉంది, మూత బీటవారి ఉంది. అలాంటి మూత ఇంకెక్కడా దొరకదు.

ఆయన మూత చూడలేదు. చెయ్యి చూసుకున్నారు.

"పోయినాది."

"ఇంజనాండి?"

"సెయ్యి."

రెండు రోజులకి రొట్టెలపిండి కలుపుతున్నాను. వేలు పెట్టిన గుంట మెల్లగా పైకి లేచింది. అప్పుడు అర్థమైంది. వెళ్ళి చెప్పాలి. పొయ్యి మీద చారు మరుగుతోంది, దించాను. అన్నం వార్చాను. ఆయనకి వడ్డించాను. ఆ రోజు అలా వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఎందుకు చెప్పలేదని అడక్కు, నాకూ తెలియదు.

నెల తిరక్కుండా నిమ్‌పురా ఆయన్ని పిలిపించి పెట్టె తీసుకెళ్ళమన్నారు.

"ఒద్దు గురూగారూ, నేనేదో నవ్వులకి అన్నాను."

"నేను నవ్వులకి అన్నేదు. అట్టుకుపో."

అతను పెట్టెని సైకిలు వెనక పెట్టి తాడు చుడుతున్నాడు. అప్పుడు నోరు తెరిచాను.

"ఆ రోజు నేనిచ్చినది గోదుమపిండండి. తప్పు మీ సెయ్యిది కాదు."

అతను తాడు వదిలేశాడు. "దించీమంటారా?"

మీ తాత నా వైపు తిరిగారు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఏ పిండో ఏలికి తెలియాల," అన్నారు. "నలిపి పెట్టినది నేనే కదే. నాకు తెలీనేదు."

తాడు తనే అందుకుని ముడి వెయ్యబోయారు. పడలేదు. మళ్ళీ వేసి చూశారు. మూడోసారి కొసలు నా వైపు చాపారు.

నేను ముడి వేశాను. నిమ్‌పురా ఆయన సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వెళ్ళాడు.