జాగా వదిలి తీసిన ఫోటో

ఫోటోలో దయ్యం పడిందంటూ మా స్టూడియోకి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్లటి మచ్చ పడిందంటే అది ఫ్లాష్ వెలుగులో మెరిసిన దుమ్ము. మనిషి గుండా వెనక గోడ కనిపిస్తోందంటే ఆ మనిషి మధ్యలో కదిలాడని. ఒకావిడ చనిపోయిన అత్తగారు ఫోటోలోకి వచ్చిందని వణికిపోతూ వస్తే, అది వెనక అద్దంలో పడిన ఆవిడ ముఖమేనని చూపించాను. అచ్చం అత్తగారిలా ఉన్నానా అని ఆవిడ ఇంకా బాధపడింది.

అంటే దయ్యాలను నేను నమ్మను, ఎప్పుడూ నమ్మలేదు. నమ్మే తీరిక కూడా మా పనిలో ఉండదు. నిజామాబాద్‌లో మాది చిన్న స్టూడియో. ఆడమనిషిని కాబట్టి పెళ్లికూతురి గదిలోకి కూడా కెమెరా పట్టుకుని వెళ్లగలను. అందుకే బోధన్, ఆర్మూర్ వైపు నుంచి కూడా నన్ను పిలుస్తారు. ఏ ఫోటోలో ఏ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. మా చిన్నమ్మ కూతురు రవళి పెళ్లితో ఆ పొగరు దిగిపోయింది.

చిన్నమ్మ వాళ్లది బోధన్. చిన్నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక మంచం పట్టి పోయాడు. చిన్నమ్మ బీడీలు చేస్తూ రవళిని డిగ్రీ దాకా చదివించింది. రవళికి కమ్మర్‌పల్లి వైపు సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు నరేశ్, గల్ఫ్‌లో ఉంటాడు. పెళ్లిచూపులు, మాటాముచ్చట అన్నీ ఫోన్ వీడియోలోనే అయిపోయాయి. అతనికి సెలవు దొరికేది సరిగ్గా పెళ్లి ముందు మాత్రమే.

కానీ ఈ రోజుల్లో ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద జంట ఫోటోలు తిరగకపోతే పెళ్లి పెళ్లిలాగే ఉండదు. అబ్బాయి లేకుండా జంట ఫోటో ఎలా అంటారా? మా జిల్లాలో ఇది మామూలే. గల్ఫ్ సంబంధాలకు మేమందరం చేసే పనే. అమ్మాయిని ఒక్కదాన్నే నిలబెట్టి, పక్కన జాగా వదిలి తీస్తాం. అబ్బాయి వచ్చాక స్టూడియోలో అతన్ని తీసి, కంప్యూటర్‌లో ఆ జాగాలో అతికిస్తాం. చూసేవాళ్లకు ఇద్దరూ కలిసి షికారుకు వెళ్లినట్టే ఉంటుంది.

గాలితో చేతులు కలపడం, గాలిని చూసి సిగ్గుపడటం ఎవరికైనా కష్టం. అందుకని మామూలుగా ఆ జాగాలో మా వీడియోగ్రాఫర్‌ను నిలబెట్టి, తర్వాత చెరిపేస్తాం. ఈ మాట చెప్పగానే చిన్నమ్మ ఒప్పుకోలేదు.

"లగ్గం కాకముందే పరాయి మొగోడు నా బిడ్డ చెయ్యి పట్టుడేంది? నువ్వే ఏమన్న జేసుకో. మొగోళ్లు మాత్రం వద్దు" అంది.

సరేనని ఒక లైట్ స్టాండుకు నరేశ్ ఎత్తు దగ్గర ఎర్ర టేపు చుట్టి తీసుకెళ్లాను. అతని ఎత్తు అతన్నే ఫోన్‌లో అడిగి రాసుకున్నాను. ముందు టేపును చూడమని రవళికి అలవాటు చేసి, తర్వాత స్టాండు తీసేసి ఫోటో తీయాలని నా ఆలోచన.

నందిపేట్ దాటాక, గోదావరి ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు తగ్గినప్పుడు పచ్చటి గడ్డి మైదానం బయటపడుతుంది. పొద్దున్నే లేత ఎండలో ఫోటోలు బాగా వస్తాయి. ఆ రోజు మా వ్యాన్ నేనే నడిపాను, నేనూ రవళీ చిన్నమ్మా ముగ్గురమే వెళ్లాం. చిన్నమ్మ బీడీల చేట ఒడిలో పెట్టుకుని వ్యాన్‌లోనే కూర్చుంది. మేమిద్దరం నీళ్ల దాకా నడిచాం. ఆ చుట్టుపక్కల గొర్రెలు తప్ప ఎవరూ లేరు. నేను బాగా చూశాను, ఎందుకంటే ఫోటోలో ఎవరూ అడ్డు రాకూడదు.

స్టాండు పెట్టి ఒక ఫోటో తీశాను. రవళి సరిగ్గా టేపును చూసింది. స్టాండు తీసేసి, కెమెరా దగ్గరికి వచ్చి తెరలోకి చూశాను.

మా కెమెరాలో మనిషి ముఖం కనబడగానే దాని చుట్టూ ఒక ఆకుపచ్చ గడి వస్తుంది. అది ముఖం మీద ఉంటేనే ఫోకస్ కుదిరినట్టు. అప్పుడు గడి రవళి ముఖం మీద లేదు. ఆమె పక్కన, ఖాళీ జాగాలో ఉంది. ఆమె తల కంటే ఎత్తులో, కదలకుండా ఉంది.

కెమెరా ఒక్కోసారి మోసపోతుంది. ఒకసారి ఇంటి ముందు కట్టిన దిష్టిబొమ్మ మీద గడి వేసింది, నేనూ మా ఆయనా చాలాసేపు నవ్వుకున్నాం. కానీ ఇక్కడ మోసపోవడానికి వెనక ఏముంది? నీళ్లు, ఆకాశం, అంతే. లెన్స్ తుడిచాను. కెమెరా ఆపి మళ్లీ పెట్టాను. రవళిని నాలుగడుగులు పక్కకు జరిపాను. గడి కూడా ఆమెతో పాటే పక్కకు జరిగింది.

చేతితో ఫోకస్ చేసుకుని తీశాను. రవళి చాలా బాగా చేసింది. చెయ్యి చాపమంటే చాపింది, చూడమంటే చూసింది, సిగ్గుపడింది కూడా. మాట మాత్రం మాట్లాడలేదు. మామూలుగా వసపిట్ట అది. ఎండెక్కకముందే ముగించి, నేనే తొందరపెట్టి వాళ్లను వ్యాన్ ఎక్కించాను.

ఇంటికి వచ్చి అదే కెమెరాతో గోడను, చెట్టును, మా పిల్లలను తీశాను. గడి ముఖాల మీద తప్ప ఎక్కడా పడలేదు. కెమెరా పాడైపోయి ఉంటే బాగుండునని మొదటిసారి కోరుకున్నాను.

కంప్యూటర్‌లో ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ఇంకా దిగులు పట్టుకుంది. గాలిని చూసే అమ్మాయిల చూపు ఒక ఫోటోలో పైకి, ఇంకో ఫోటోలో కిందికి తిరుగుతూ ఉంటుంది. రవళి చూపు అన్నిట్లోనూ ఒకే చోట ఉంది, టేపు కంటే దాదాపు సగం తల పైన. చాపిన చెయ్యి కూడా అంతే. గాలిలో చాపిన చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. ఈ చెయ్యి హాయిగా వాలి ఉంది. అరచేతి అంచున చర్మం కొద్దిగా నొక్కుకుపోయి ఉంది.

ఆ వారంలోనే నరేశ్ ఫోన్ కలవడం మానేసింది. అతని ఇంటివాళ్లకు కూడా కలవలేదు. చిన్నమ్మ రోజూ నాకు ఫోన్ చేసి ఏడ్చేది. గల్ఫ్ నుంచి శవాల పెట్టెలు వచ్చిన ఇళ్లు మా వైపు తక్కువేమీ కాదు. నా మనసులో ఏం తిరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ జాగాలో నిలబడింది అతనేనా? పెళ్లికి ముందే నా చెల్లె బతుకు అయిపోయిందా?

ఉండబట్టలేక బోధన్ వెళ్లి చిన్నమ్మకు మెల్లగా చెప్పాను. ఆ రోజు వ్యాన్‌లోంచి మమ్మల్ని చూశావా అని అడిగాను.

"సూడకేం? నా బిడ్డ ఒక్కతే గాలిల చెయ్యి వెట్టి నిలవడ్డది. పిచ్చిదాని లెక్క గిదేం ఫోటో అని నవ్వుకున్న" అంది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గీ ముచ్చట ఈడనే మర్చిపో బిడ్డా. పిల్లకు గాలి సోకిందని ఒక్కలంటే సాలు, సంబంధం పోతది. మళ్ల దాన్ని ఎవలు జేసుకుంటరు?"

ఆమె చెప్పింది నిజమే. ఇలాంటి మాట ఒకసారి పుడితే ఆడపిల్లను వదిలిపెట్టదు. చెబితే పెళ్లి చెడుతుంది. చెప్పకపోతే ఏం ముంచుకొస్తుందో తెలియదు. నేను నోరు మూసుకున్నాను.

కొన్నాళ్లకు నరేశే ఫోన్ చేశాడు. పని చోటు మార్చారట, సిమ్ పనిచేయలేదట, అంతే. ఆ రోజు చిన్నమ్మ వీధంతా చక్కెర పంచింది. నేను మాత్రం పూర్తిగా సంతోషపడలేకపోయాను. అతను బతికే ఉన్నాడు. మరి ఆ జాగాలో ఎవరు?

పెళ్లికి కొద్ది రోజుల ముందు నరేశ్ వచ్చి స్టూడియోలో ఫోటోలు దిగాడు. నెమ్మదస్తుడు, కూర్చోమంటే తప్ప కూర్చోడు. కెమెరా గడి అతని ముఖం మీద చక్కగా పడింది. ఎత్తు సరిగ్గా టేపు దగ్గరికే వచ్చింది. అయితే జాగాలో పెడితే కుదిరితేగా! రవళి అతన్ని చూడటం లేదు. అతని తల మీదుగా ఇంకెవరినో చూస్తోంది. ఏం చేసినా కుదరక చివరికి ఫోటోలో అతన్నే సాగదీసి పొడుగు చేశాను. ఫంక్షన్ హాల్లో తెర మీద ఆ ఫోటోలు చూసి "గల్ఫ్‌ల మంచిగ తిండి వెడుతున్నట్టున్నరు, గింత పొడుగైండు" అని అతని దోస్తులు ఆటపట్టించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి మధ్య అడ్డుతెర పట్టుకుంటారు కదా. ఆ తెర దిగగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే చూపు మాకు ముఖ్యం. అది తప్పితే మళ్లీ రాదు. నేను ఊపిరి బిగబట్టి నరేశ్ పక్కగా, రవళికి ఎదురుగా నిలబడ్డాను. తెర దిగింది. రవళి నరేశ్‌ను చూసి నవ్వింది. వెంటనే ఆమె చూపు కొంచెం పైకి, అతని వెనక్కి వెళ్లింది. తెలిసినవాళ్లు కనబడితే తల ఊపినట్టు తల కూడా ఊపింది. నేను కెమెరా దించి అటు చూశాను. పూలతో కట్టిన గోడ తప్ప ఏమీ లేదు. ఎవరైనా నిలబడేంత చోటు కూడా అక్కడ లేదు.

నరేశ్ సెలవు అయిపోయి తిరిగి వెళ్లాక, ఆల్బమ్‌కు ఫోటోలు ఏరడానికి రవళి స్టూడియోకి వచ్చింది. ముఖం కళకళలాడుతోంది. అత్తగారింట్లో బాగా చూసుకుంటున్నారట. నాకు గుండె కాస్త కుదుటపడింది. నీళ్ల దగ్గరి ఫోటోలు రాగానే నవ్వుతూ గొంతు తగ్గించింది.

"అక్కా, ఓ మాట అడుగుత, అమ్మకు జెప్పొద్దు. గా రోజు నా పక్కన నిలవెట్టిన అన్న ఎవలు? అమ్మ వద్దన్నా సుత నువ్వు దొంగతనంగ తెచ్చినవని నేను నోరు తెరవలే. అమ్మకు తెలిస్తే నిన్ను తిడుతదని భయపడ్డ."

నేను ఫోటోలోని ఖాళీ జాగానే చూస్తున్నాను. అతను తప్పుగా నడుచుకున్నాడేమోనని నేను భయపడుతున్నాననుకుంది రవళి.

"మంచోడక్కా. చెయ్యి మెల్లగ పట్టిండు, సల్లగుండె చెయ్యి. ఎదురెండకు ముఖం సరిగ కనవడలే. లగ్గానికి సుత వచ్చిండు గదా, మా ఆయన ఎనుకనే నిలవడ్డడు. అన్నం తినకుంటనే పోయిండు గావచ్చు. ఎవలన్న పిలిచిండ్రో లేదో పాపం."

ఆ రోజు ఎవరూ లేరు చెల్లే అని చెప్పాలనుకున్నాను. కానీ భర్త సముద్రం అవతల ఉన్నాడు. కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య ఈమె ఒక్కతే పడుకోవాలి. ఆ మాట విన్నాక ఇంకెప్పుడైనా నిద్రపోతుందా? భయపడిన పిల్ల ఊరుకోదు, అత్తకు చెబుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చిన్నమ్మ ముందే చెప్పింది. "మా దోస్తు శంకర్" అన్నాను. నోటికొచ్చిన పేరు. నాకు శంకర్ అనే దోస్తు లేడు.

కెమెరా కంపెనీ మెకానిక్‌కు చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు. తోటి ఫోటోగ్రాఫర్లకు పేర్లు చెప్పకుండా ఆ ఫోటోలు చూపించాను. అమ్మాయి బాగా నటించిందన్నారు. పక్కన నిలబడిన మనిషిని చెరిపేసిన తీరు కూడా బాగుందన్నారు. నేను ఎవరినీ చెరపలేదు. ఇదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడలేను. అప్పటి నుంచి జాగా వదిలి ఫోటో తీయడం మానేశాను.

రవళి ఫోన్ చేసినప్పుడల్లా శంకరన్న మంచిగున్నాడా అని అడుగుతుంది. బాగున్నాడని చెబుతూ వచ్చాను. మొన్న మాత్రం వేరేగా అడిగింది.

"శంకరన్న గిట్ల మా ఊరి దిక్కు వచ్చిండా అక్కా?"

ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. వచ్చాడని చెప్పాలా, రాలేదని చెప్పాలా? ఏది చెబితే నా చెల్లె బాగుంటుందో తెలియక, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.