పొగమంచులో నా గోల్‌కీపింగ్

ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే నిజంగా గడిచాయా, జ్వరంలో కన్న కలా అనిపిస్తుంది. కరోనా మొదటి ఏడాది. జర్మనీలోని వాల్డార్ఫ్‌లో ఉద్యోగంలో చేరిన మూడో వారానికే ఆఫీసు మూతపడింది. పక్క ఊళ్లో ఒక ఇంటి పైగదిలో నేనూ, లాప్‌టాపూ, కిటికీ అవతలి పొలాలూ మిగిలాం. వారాల తరబడి మనిషి గొంతు హెడ్‌ఫోన్‌లోంచే వినిపించేది. అందుకే కింద ఉండే ఇంటి ఓనరు, డెబ్బై దాటిన పెద్దాయన, పెరట్లోంచి పలకరిస్తే చాలు, అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పేసేవాణ్ణి. ఒకరోజు "మీ దేశంలో ఏమైనా ఆటలు ఆడేవాడివా?" అన్నాడు. "కాలేజీ టీంలో కీపర్‌ని" అన్నాను గర్వంగా. (రెండో టీం. అందులోనూ అసలు కీపర్‌కి జ్వరం వచ్చినప్పుడు మాత్రమే.)

ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు క్రికెట్ కోసం కాదని నాకు తట్టలేదు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో రెండో జట్టుకి మేనేజరూ, గ్రౌండులో సున్నపు గీతలు గీసేవాడూ, జెర్సీలు ఉతికేవాడూ అన్నీ ఆయనే. జిల్లా లీగుల్లోకెల్లా అట్టడుగు లీగులో ఆడే జట్టు అది; అందులోనూ ఆఖరి స్థానం దానిదే. మర్నాడు ఆయన తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. (అప్పట్లో జర్మన్‌లో ఉన్న ఏ కాగితం ఇచ్చినా పెట్టేవాణ్ణి. ఇదీ ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, తాలూకు ఏదో అనుకున్నాను.) అలా నాకు తెలియకుండానే రిజిస్టరైన గోల్‌కీపర్‌నయ్యాను.

మా ఆఫీసులో ఒక హైదరాబాదీ స్నేహితుడుండేవాడు, అందరం భాయ్ అనేవాళ్లం. చిన్నప్పటినుంచీ గల్లీల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. వేసవిలో ఆటలకు అనుమతి రాగానే వెళ్లి ఆ జట్టులో చేరిపోయాడు. అక్టోబరులో ఒక శనివారం ఫోన్ చేశాడు.

"మియా, రేపు ఒంటిగంటకు గ్రౌండ్‌కి రా. మన గోల్‌కీపర్ క్వారంటైన్ల పడ్డడు."

"నేనొచ్చి ఏం చెయ్యాలె భాయ్?"

"కీపర్‌వి గదా! లిస్టుల నీ పేరుంది."

"అయ్యో, అది వికెట్ కీపర్ భాయ్!"

"వికెట్ తీసెయ్, కీపర్ మిగుల్తడు గదా." తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు, మనుషులు చాలక ఇప్పటికే రెండు మ్యాచులు వదులుకున్నం. మూడోది గూడ వదులుకుంటే టీంను లీగులకెళ్లి తీసేస్తరు. పెద్దాయన పొద్దుగాలకెళ్లి ఏం తినలే."

(అది అబద్ధమని కింది వంటింటి వాసన చెబుతూనే ఉంది. అయినా వెళ్లాను.)

ఆదివారం మధ్యాహ్నం గ్రౌండంతా పొగమంచు. గేటు దగ్గర పేరూ ఫోన్ నంబరూ రాసి, మాస్కు తీసి లోపలికెళితే, పదిమంది ప్రేక్షకులు గుంజలు పాతినట్టు దూరం దూరంగా నిలబడి ఉన్నారు. రిఫరీ ఒక్కరే, బక్కపలచటి నడివయసు ఆవిడ. మంచు కాస్త విడగానే ఈల వేసింది. పావుగంటకే మళ్లీ కమ్ముకుంది. ఇంకొకడి గ్లవ్స్ తొడుక్కుని, నాకు తెలిసిన పద్ధతిలోనే, స్టంపుల వెనక కూర్చున్నట్టు గొంతుకూర్చున్నాను. తెల్లటి దూదిలోంచి బూట్ల చప్పుడూ, కేకలూ, భాయ్ తిట్లూ వినిపించేవి. ఉన్నట్టుండి అందులోంచి బంతి ఊడిపడేది. ఛాతీకి తగిలేది, మోకాలికి తగిలేది, ఒకసారి చేతుల్లో కూడా పడింది. పట్టిన ఆనందంలో "హౌజాట్!" అని అరిచాను. ఆట ఆగిపోయింది. రిఫరీ పరుగున వచ్చి "దెబ్బ తగిలిందా?" అని అడిగింది. ఆ మాటకి నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి. ఆరు నెలల తర్వాత మనుషుల మధ్య ఉన్నాను, వాళ్లు నన్ను చూసి కంగారు పడుతున్నారు కూడా.

ఎవరూ గోల్ చేయలేదు. ఆట అయిపోవస్తుండగా అవతలి జట్టుకి పెనాల్టీ దొరికింది. పెద్దాయన కంచె దగ్గర టోపీని నలిపేస్తున్నాడు. ఎదుటివాడు తన్నాడు. బంతి నా ఎడంపక్క గోల్ స్తంభం వైపుకొచ్చింది, దూకి శుభ్రంగా పట్టేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నా చెయ్యి కాలేజీ రోజుల్లోలాగే దానంతటదే వెనక్కి తిరిగి, బంతిని గోల్ స్తంభానికి తాకించబోయింది, బ్యాట్స్‌మన్‌ని స్టంపౌట్ చేసినట్టు.

"అరే! ఆడ స్టంపుల్లేవురా!" అని భాయ్ అరిచాడు.

బిగుసుకుపోయాను. అవతలివాళ్లు బంతి గీత దాటింది, గోల్ గోల్ అని చేతులెత్తారు. నా ఒళ్లు అడ్డొచ్చి రిఫరీకి ఏమీ కనిపించలేదు. ఆవిడ దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది: "నిజం చెప్పు. బంతి గీత దాటిందా?"

లేదనొచ్చు. పెద్దాయన వైపు చూడలేకపోయాను. తల దించుకుని నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను: "సగం."

"సగమేనా?"

"సగమే. కానీ దాటింది. క్షమించండి."

ఆవిడ మొహంలో నవ్వు విచ్చుకుంది. "బంతి మొత్తం దాటితేనే గోల్. సగానికి గోల్ లేదు."

(ఆ రూలు తెలిసుంటే అంత నిజాయితీగా ఉండేవాణ్ణో లేదో, ఇప్పటికీ చెప్పలేను.)

మ్యాచ్ సున్నా సున్నా. ఆ సీజన్లో జట్టుకి మొదటి పాయింటు. కౌగిలింతలకు అనుమతి లేదు గనక పెద్దాయన దూరంలోనే ఆగి, నలిగిన టోపీ తీసి వంగాడు. స్నానాల గదులు మూసేశారు. బురద బట్టల్లో నేనూ, వీధికి అవతలి పక్కన పెద్దాయనా నడుచుకుంటూ ఇల్లు చేరాం.

కొద్దిరోజుల్లోనే మళ్లీ అన్నీ మూతపడ్డాయి. వసంతంలో ఒకరోజు పెద్దాయన మెట్లమీద నిలబడి ఒక ఈమెయిల్ చదివి వినిపించాడు: సీజన్ రద్దు, ఫలితాలేవీ చెల్లవు.

"మరి మన పాయింటు?" అన్నాను.

"లేదు."

"ఓడిపోయినవన్నీ?"

"అవీ లేవు!" అంటూ ఆయన మెట్లమీదే కూర్చుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆ తర్వాత నాకు జిండెల్ఫింగెన్‌లో ఉద్యోగం వచ్చింది, ఊరు మారాను. మళ్లీ గోల్‌లో నిలబడలేదు. శరత్కాలం ఆదివారాల్లో రైలు ఏదో ఊరి గ్రౌండు పక్కగా పోతుంటే, తెలియకుండానే అద్దానికి మొహం ఆనించి చూస్తాను. తనవి కాని గ్లవ్స్ తొడుక్కుని, బంతి తనవైపు రాకూడదని వణుకుతూ, రావాలని కూడా కోరుకుంటూ, తెల్లటి మంచులో ఒక బక్క కుర్రాడు గొంతుకూర్చుని ఉంటాడనిపిస్తుంది. కనిపిస్తే చెయ్యి ఊపాలని ఉంటుంది. ఈలోగా రైలు మలుపు తిరుగుతుంది.